జోరీగ కాటు – గృహచికిత్స

వర్షర్తువులో బాలాపూర్ చెరువు పరిసరాల నుండి నా వద్దకు వచ్చేవారిలో కొందరు "దోమ కాదండీ, ఏదో పెద్ద ఈగ కరిచింది" అంటూ వాచిన చేతినో, పిక్కనో చూపుతారు. అది జోరీగ. విడువక విసిగించేవారిని దీనితో పోల్చడం మన వాడుకే.

దోమ సూదివంటి తొండంతో రక్తాన్ని పీలుస్తుంది. జోరీగ కత్తివంటి నోటిభాగాలతో చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. కాటు చురుక్కుమనడానికి, నెత్తురు కారడానికి కారణమిదే. కరిచేది ఆడ ఈగ మాత్రమే. మగది పూలతేనెతో జీవిస్తుంది. చిత్తడి నేలల్లో నీటిపైకి వంగిన ఆకులపై గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు బురదలో పెరుగుతాయి. ఇది పగటి ఎండలో సంచరిస్తుంది కనుక రాత్రి కట్టే దోమతెర దీనికి అడ్డు కాదు. కదిలే నల్లని వస్తువులకు ఆకర్షింపబడుతుంది. చెరువు గట్టుకు వెళ్ళేవారు లేతరంగు నిండుచేతుల దుస్తులు ధరించడం మేలు.

సుశ్రుత సంహిత కల్పస్థానం 8వ అధ్యాయంలో ఈగలు 6 విధాలని, వాటి కాటుకు దురద, వాపు, మంట, నొప్పి కలుగుతాయని చెప్పబడింది. వాటిలో కాషాయీ, స్థాలిక అనేవాటి వల్ల జ్వరాది ఉపద్రవాలు కూడా కలుగుతాయని హెచ్చరిక ఉన్నది.

కాటును వెంటనే సబ్బుతో, చల్లని నీటితో కడిగి, తడిగుడ్డను 10 నిమిషాలు ఉంచవలెను. వాపుపై సానమీద తీసిన మంచిగంధాన్ని పల్చగా పూయవచ్చు. తెగిన చోట మాత్రం పూయరాదు. ఆ చోటును వేపాకు కాచి చల్లార్చిన నీటితో కడిగితే చాలు. గోకితే పుండు పడుతుంది కనుక పిల్లల గోళ్ళు కత్తిరించండి. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. పేడలో ధనుర్వాత క్రిములుండవచ్చు. ఈ రెండూ నిషిద్ధం.

చీము, జ్వరం, నానాటికీ పెరిగే వాపు కనిపిస్తే వైద్యుని చూడాలి. పెదవులు, నాలుక వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగినా లేపనాలతో క్షణమైనా వృథా చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

పాడిపశువులున్న గృహస్థులకు మరొక మాట. జోరీగ పశువులకు సర్రా వ్యాధిని మోస్తుంది. ఆ వ్యాధి క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో కనుగొన్నాడు. మనుషులకు ఇది సోకడం అత్యంత అరుదు. 2004లో మన పొరుగున ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు సోకింది. గేదె విడిచి విడిచి జ్వరపడి, చిక్కిపోతుంటే దిష్టి అనుకోక పశువైద్యునికి చూపండి.