కొమ్మలు వేసే అణువు

చింతకొమ్మను ఎప్పుడైనా పరకాయించి చూశారా? ఒకటి రెండుగా చీలుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది. అచ్చంగా ఇలాగే కొమ్మలు వేసే అణువులను రసాయన శాస్త్రజ్ఞులు చేస్తున్నారు. వాటి పేరు డెండ్రిమర్లు. గ్రీకు భాషలో డెండ్రాన్ అంటే చెట్టే. అమెరికాలో డౌ కంపెనీ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ టొమాలియా, ఆయన బృందం 1985లో తాము చేసిన ఇటువంటి అణువులను వివరిస్తూ వ్యాసం ప్రకటించారు.

మామూలు ప్లాస్టిక్ అణువులు దారపు పోగుల వంటివి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. డెండ్రిమరును పొర మీద పొరగా కట్టుకు వస్తారు కనుక దాదాపు అన్నీ ఒకే కొలత. మొదట 4 కొసలుంటే, మరి నాలుగు పొరలు వేసేసరికి 64! ఇటువంటివి రెండు లక్షలకు పైగా వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ఆ కొసలకు మందు తగిలించవచ్చు.

ఇంతా ఎందుకంటారా? మెదడుకు మందు చేర్చడం మహా కష్టం. అక్కడి రక్తనాళాల గోడలు అంత కట్టుదిట్టం. గర్భంలో ఉండగానే మెదడు దెబ్బతిన్న పిల్లలు కొందరికి కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. సెరిబ్రల్ పాల్సీ అంటారు. వ్యాయామంతో, ఆపరేషన్లతో కొంత మేలు కలుగుతుంది గాని, దెబ్బతిన్న మెదడును బాగుచేసే మందు లేదు.

అమెరికాలో పిల్లల వైద్యురాలు సుజాతా కణ్ణన్, ఇంజనీరు రంగరామానుజం కణ్ణన్, వారి సహచరులు ఇటువంటి లక్షణాలతో పుట్టిన కుందేలు పిల్లలకు, పుట్టిన రోజునే, డెండ్రిమరుకు తగిలించిన మందు ఇచ్చారు. మందు కొత్తదేమీ కాదు. పారాసెటమాల్ మితిమీరి మింగినవారికి ఇచ్చే విరుగుడే. ఐదో రోజుకు ఆ పిల్లల కదలికలు ఎంతో మెరుగుపడ్డాయి. ఈ సంగతి 2012లో వెలువడింది. చిత్రమేమంటే, ఈ అణువు రోగం లేని మెదడులో నిలవదు. వాపు ఉన్నచోట రెచ్చిపోయిన కాపలా కణాల్లోకే వెళ్లి చేరుతుంది.

ఈ పరిశోధన మీద లేచిన కంపెనీ పేరు అశ్వత్థ. చెట్టు అణువుకు రావిచెట్టు పేరు! కరోనా తీవ్రమైన 24 మందిపై పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. 60 రోజుల తరువాత, మందు పడిన 17 మందిలో 14 మంది, పడని ఏడుగురిలో ముగ్గురు బ్రతికి ఉన్నారు. ఇంత కొద్దిమందిని చూసి తీర్పు చెప్పరాదు. పైగా అది వేరే జబ్బు.

పిల్లల సంగతి ఇంకా దూరమే. కుందేలు కూనకు మందు పడింది పుట్టిన రోజున. మన బిడ్డల్లో జబ్బు బయటపడేది తరచు నెలలు గడిచాక, మెడ నిలపవలసిన వేళకు నిలపలేదేమిటని ఏ అమ్మమ్మో కనిపెట్టినప్పుడు.