తుపాకి శబ్దం వలన కలిగే చెవుడు

తుపాకి శబ్దం వలన కలిగే చెవుడు అనగా తుపాకి, తూటా మొదలైన వాటి ప్రేలుడు ధ్వని లోపలి చెవిని దెబ్బతీయుట వలన ఏర్పడే శాశ్వతమైన వినికిడి లోపం. చెవి రక్షణ సాధనం ధరించకుండా తుపాకి పేల్చుట దీనికి ముఖ్య కారణం. సాధనం లేకపోవుట కంటె, ఉండి కూడా ధరించుట మరచిపోవుట తుపాకిశాలలలో తరచు కనిపించే విషయం. రాయలసీమలోని అనంతపురం మెట్టప్రాంతంలో పోలీసు శిక్షణ, పంట కాపలా, బావుల త్రవ్వకం అనే మూడు పనులలో ఈ సమస్యకు అవకాశం కలదు.

శబ్ద తీవ్రత

శబ్ద తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. ఈ కొలమానం మామూలు లెక్క వంటిది కాదు. 3 డెసిబెల్‌లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది. సాధారణ సంభాషణ సుమారు 60 డెసిబెల్‌లు. 85 డెసిబెల్‌ల శబ్దంలో రోజుకు 8 గంటలు, 88లో 4 గంటలు, 100లో 15 నిమిషాలు మాత్రమే ఉండవచ్చునని నిపుణులు నిర్ణయించిన హద్దు. తుపాకి శబ్దానికి ఇటువంటి గంటల లెక్క పనికిరాదు. రైఫిలు, పిస్తోలు, వేట తుపాకి వంటివి పేల్చేవాని చెవి వద్ద సుమారు 140 నుండి 170 డెసిబెల్‌ల శిఖర స్థాయిని కలిగిస్తాయి. పెద్దలకు 140, పిల్లలకు 120 డెసిబెల్‌ల శిఖర స్థాయి దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కనుక రక్షణ లేని చెవికి ఒక్క గుండు శబ్దమే హద్దు దాటినది కావచ్చును. పోల్చి చూచుటకు, మన దేశంలో 1999లో ఏర్పరచిన నియమం ప్రకారం టపాకాయ శబ్దం 4 మీటర్ల దూరంలో 145 డెసిబెల్‌ల శిఖర స్థాయిని మించరాదు. తుపాకి పట్టినవాని చెవికి, తుపాకి మూతికి నడుమ ఒక మీటరు ఎడం కూడ ఉండదు.

చెవిలో జరిగే మార్పు

శబ్ద తరంగాలు కర్ణభేరిని కదిలించగా ఆ కదలిక కూటకము, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకల ద్వారా నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తాన్ని చేరుతుంది. ఒక్కొక్క చెవిలో సుమారు 15 వేల కేశకణాలు ఈ కదలికను నాడీ సంకేతాలుగా మారుస్తాయి. తుఫాను గాలికి వరిచేను వాలినట్లు పెద్ద శబ్దానికి ఈ కణాల కొనలు వంగిపోతాయి. స్వల్పంగా వంగినవి కొన్ని గంటలలో, లేదా ఒకటి రెండు రోజులలో లేస్తాయి. విరిగినవి చనిపోతాయి. చనిపోయిన కేశకణాలు మానవునిలో తిరిగి పుట్టవు. కోళ్ళలో మాత్రం తిరిగి పుడతాయని 1980 దశకంలో కనుగొన్నారు. దానిని మానవునికి అన్వయించే చికిత్స ఇంకను ప్రయోగ దశలోనే ఉంది.

పెద్ద శబ్దం వినబడినపుడు మధ్యచెవిలోని చిన్న కండరాలు బిగుసుకొని శబ్దాన్ని కొంత తగ్గిస్తాయి. ఇది ప్రకృతి ఇచ్చిన రక్షణ. అయితే అవి బిగుసుకొనుటకు సెకనులో పదోవంతు వరకు పట్టవచ్చును. తుపాకి శబ్దపు శిఖరం సెకనులో వెయ్యోవంతు కాలంలోనే వచ్చి పోతుంది. తలుపు వేసేలోగా దొంగ వచ్చి వెళ్ళిపోయినట్లే.

పేలిన పిమ్మట చెవి మూసుకొనిపోయినట్లు ఉండుట, లోపల గుయ్యిమని మ్రోత వినబడుట మొదటి లక్షణాలు. వాడుకలో "గూబ గుయ్యిమన్నది" అనే మాట సరిగ్గా ఈ స్థితినే తెలుపుతుంది. మ్రోత తగ్గగానే చెవి బాగుపడినదని భావించుట పొరపాటు. తిరిగి వచ్చిన వినికిడి వెనుక కొన్ని నరపు కొనలు శాశ్వతంగా తెగి ఉండవచ్చునని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నవి.

నష్టం మొదట 4000 హెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద కనిపిస్తుంది. మాటలలోని అచ్చులు అంతకంటె తక్కువ పౌనఃపున్యాలలో ఉంటాయి. స, శ, చ, త వంటి పరుషమైన హల్లులు ఎక్కువ పౌనఃపున్యాల మీద ఆధారపడతాయి. కాబట్టి ఈ చెవుడు కలవానికి కాలు, చాలు, తాలు, పాలు, సాలు అనే మాటలన్నీ ఒకే విధంగా తోచవచ్చు. "వినబడుతున్నది కాని ఏమన్నారో తెలియడం లేదు" అనుట దీని ప్రత్యేక లక్షణం. ఇంటివారు దీనిని పరధ్యానమని గాని, వయసు మీద పడుటయని గాని పొరబడుతుంటారు.

కుడిచేతి వాటం కలవారు రైఫిలు పేల్చునపుడు ఎడమ చెవి తుపాకి మూతి వైపు తిరిగి ఉంటుంది. కుడి చెవికి తల అడ్డు వస్తుంది. కాబట్టి ఎడమ చెవిలో నష్టం ఎక్కువ. ఎడమచేతి వాటం వారిలో ఇది తారుమారు అవుతుంది.

మరచిపోవుటకు కారణాలు

కంటిలో నలుసు పడితే నొప్పి తెలుస్తుంది. చెవి నష్టంలో చాలామారులు నొప్పి ఉండదు కనుక శరీరం గుర్తు చేయదు. శిక్షకుని ఆజ్ఞ వినుటకు ప్లగ్గు తీసి, మరల పెట్టుకొనక ముందే తుపాకి ఎత్తుట సర్వసాధారణమైన సందర్భం. తన వంతు పూర్తయినదని సాధనం తీసివేసి, ప్రక్కవాడు పేల్చుచుండగా అక్కడనే నిలుచుట మరొకటి. తూటాలు పంచువారు, గురి లెక్క వ్రాయువారు తాము పేల్చడం లేదు కదా అని ధరించరు. శబ్దానికి మాత్రం ఆ భేదం లేదు.

వేటలోను, ఎదురుకాల్పులలోను మనసు గురి మీద నిలిచి ఉన్నపుడు తన తుపాకి శబ్దం తనకే చిన్నగా వినిపించినదని పలువురు చెబుతారు. అది మనసు చేసే పని. కర్ణావర్తానికి చేరే దెబ్బ ఏమాత్రం తగ్గదు. "అలవాటైతే చెవి గట్టిపడుతుంది" అనే మాట కూడ వినవస్తుంది. గట్టిపడినట్లు తోచుట నిజానికి వినికిడి తగ్గుటయే. 1884లో మెషిన్ గన్‌ను రూపొందించిన హైరమ్ మాక్సిం తన తుపాకుల శబ్దానికే చెవిటివాడైనాడు. తుపాకి శబ్దాన్ని తగ్గించు సైలెన్సరుకు 1909లో పేటెంటు పొందినవాడు ఆయన కుమారుడే కావడం విశేషం.

మరచిపోవుట మానవ సహజం గనుక జ్ఞాపకశక్తిని నమ్ముకొనుట కంటె ఏర్పాటును నమ్ముకొనుట మేలు. తూటాలతో పాటు ప్లగ్గులను కూడ లెక్కపెట్టి ఇచ్చుట, దారంతో కలిపిన ప్లగ్గులను మెడలో వేసికొనుట, తుపాకి నింపుటకు ముందు ప్రతివాని చెవులు ఒకరు చూచి రావడం, వరుసలో ఆఖరివాడు పేల్చి తుపాకులు ఖాళీ అయినవని ప్రకటించే వరకు ఎవరూ తీయరాదను నియమం ఫలితమిచ్చే పద్ధతులు.

అనంతపురం ప్రాంతంలో

అనంతపురం పట్టణంలో పోలీసు శిక్షణ కళాశాల కలదు. పోలీసు శిక్షణలో తుపాకి గురి అభ్యాసం తప్పనిసరి భాగం. ఒకప్పటి .303 రైఫిలు మొదలు తరువాత వచ్చిన ఎస్.ఎల్.ఆర్., ఇన్సాస్ వరకు అన్నింటి శబ్దం 140 డెసిబెల్‌లకు పైబడినదే. ఎన్.సి.సి. విద్యార్థులు వాడే .22 రైఫిలు వీటికంటె మెల్లనిదైనను చెవులు మూయకుండ పేల్చదగినది కాదు.

పల్లెలలో సంగతి వేరు. వర్షపాతం అతి తక్కువగా ఉండే ఈ నేలలో వేరుశనగ పంట చేతికి వచ్చే వేళ అడవిపందుల బెడద ఎక్కువ. రైతులు రాత్రి కాపలా ఉండి డప్పులు, టపాకాయలతో వాటిని తోలుతారు. పంట రక్షణ కొరకు మందు కూరి పేల్చే నాటు తుపాకికి లైసెన్సు ఇచ్చే అవకాశం 1959 ఆయుధాల చట్టంలో ఉంది. (అనుమతి లేకుండా అడవిపందిని చంపుట మాత్రం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.) కాపలావాని చెవి తెరచి ఉంటేనే పంది అలికిడి తెలుస్తుంది. కనుక ఇక్కడ చెవి మూసుకొనకపోవుట మరపు మాత్రమే కాదు, పని అవసరం కూడ. చిన్న శబ్దాలను వినిపించి పెద్ద శబ్దాన్ని అడ్డుకొనే ఎలక్ట్రానిక్ మఫ్‌లు ఉన్నవి గాని, వాటి ధర మెట్ట రైతుకు భారమే. పేల్చే ముందు మెడలోని మఫ్‌ను చెవుల మీదికి జరుపుకొనుట అతనికి సాధ్యమైన పద్ధతి. ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడు వేసి పేల్చే సాధనం ఇంకను ప్రమాదకరం. 2025 దీపావళి నాడు మధ్యప్రదేశ్‌లో ఇటువంటి వాటితో అనేకమంది పిల్లల కళ్ళు దెబ్బతిన్నవి.

నీటి కొరకు రాతిలో బావులు త్రవ్వుట, ఉన్న బావులను లోతు చేయుట ఈ ప్రాంతపు పాత కథ. గట్టిరాయి వచ్చినపుడు రంధ్రం వేసి తూటా పేల్చుతారు. పేల్చేటపుడు అందరూ దూరంగా పోతారు గనుక భయం రాళ్ళ నుండి మాత్రమేనని భావిస్తారు. బావి లోపల రంధ్రం వేసే యంత్రపు రొద 100 డెసిబెల్‌లు దాటుతుంది, గోడలకు తగిలి మరల చెవికే వస్తుంది. గంటల తరబడి దానిని విన్న చెవికి తూటా శబ్దం అదనపు దెబ్బ.

రక్షణ సాధనాలు

నురుగు ప్లగ్గును వ్రేళ్ళతో సన్నగా నలిపి, రెండవ చేతిని తల వెనుక నుండి తెచ్చి చెవి డొప్పను పైకి, వెనుకకు లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బు వరకు అర నిమిషం పట్టి ఉంచవలెను. సగమే దూర్చిన ప్లగ్గు దాదాపు లేనట్లే. మఫ్ చెవి మొత్తాన్ని కప్పుతుంది. కళ్ళద్దాల కాడలు, తలపాగా దాని అంచులో సందు కలిగిస్తే ఫలితం తగ్గుతుంది. రైఫిలుకు ప్లగ్గు, మఫ్ రెండును కలిపి ధరించుట ఉత్తమం. అయితే రెండింటి అంకెలను కూడరాదు. పెద్ద దానికి సుమారు 5 డెసిబెల్‌లు మాత్రమే అదనంగా లభిస్తుంది. చెవిలో దూది పెట్టుకొనుట మన ప్రాంతంలో అలవాటు గాని, దూది తుపాకి శబ్దాన్ని చాలినంతగా ఆపలేదు.

సాధనం సరిగా అమరకపోతే ఏమగునో అమెరికా సైన్యపు ఉదంతం తెలుపుతుంది. సైనికులకు ఇచ్చిన ప్లగ్గులు వదులైనవని లక్షలాది దావాలు పడగా, 3ఎం సంస్థ తప్పు ఒప్పుకొనకుండానే 2023లో సుమారు 600 కోట్ల డాలర్లు చెల్లించుటకు రాజీ కుదుర్చుకొన్నది.

చికిత్స, చట్టం

పేలుడు పిమ్మట మ్రోత గాని, మందంగా వినబడుట గాని ఒక దినం దాటి ఉంటే ఆలస్యం చేయక చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడవలెను. తొలి దినాలలో స్టీరాయిడ్ మందుల వలన కొందరికి కొంత మేలు కలుగవచ్చును. ఆ గడువు దాటిన తరువాత వినికిడి యంత్రమే శరణ్యం. చెవిలో నూనె, పసరు పోయుట హానికరం, ముఖ్యంగా కర్ణభేరి చిరిగి ఉన్నపుడు.

శబ్దం వలన కలిగే చెవుడును 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలోను అది ఉంది. తన పొలం కాచుకొనే రైతుకు ఈ జాబితా వలన ఒరిగేది లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వినికిడి లోపమనగా మాటల పౌనఃపున్యాలలో, రెండు చెవులలోను, కనీసం 60 డెసిబెల్‌ల నష్టం. తుపాకి చెవుడు ముందుగా ఒక చెవిలో, మాటల కంటె పై పౌనఃపున్యంలో మొదలగును గనుక బాధితుడు చాలకాలం ఈ నిర్వచనంలోనికి రాడు.