అలజడి సముద్రంలో చిన్న పడవ: ప్రాణం కాపాడే కొన్ని సంగతులు

బందరు పక్కన గిలకలదిండి రేవులో గాలి ఎక్కువగా ఉన్న రోజున ఒక దృశ్యం కనిపిస్తుంది. తెప్పలు తిరిగివచ్చే వేళకు ఆడవాళ్లు, పెద్దవాళ్లు గట్టు మీద చేరి ఒకే దిక్కు చూస్తూ నిలబడతారు. వాళ్లు చూసేది నడిసముద్రం వైపు కాదు, మొగ వైపు. పాయ సముద్రంలో కలిసే ఆ ఇరుకు చోటు దాటి లోపలికి వస్తే మనిషి ఇంటికి వచ్చినట్టే.

కొన్నేళ్ల క్రితం మేము పరామర్శకు వెళ్లిన ఒక ఇంటి సంగతి చెప్పాలి. గట్టు మీదివాళ్లు పిలిస్తే పలికేంత దూరంలో ఆ ఇంటి అబ్బాయి ఉన్న తెప్ప బోల్తా పడింది. నలుగురిలో ముగ్గురు బతికారు. పోయినవాడు ఈత రానివాడు కాదు, నలుగురిలోనూ బాగా ఈదేవాడు. ఒడ్డు కనబడుతోంది కదా అని తెప్పను వదిలి ఈదుతూ బయలుదేరాడు. తెప్పను పట్టుకుని వేలాడిన ముగ్గురూ ఇల్లు చేరారు. లైఫ్ జాకెట్లు నాలుగూ తెప్పలోనే మూటకట్టి ఉన్నాయి.

"అంత దూరం పోయి వచ్చినవాడు, ఈ నాలుగు బారల కాడ ఎట్టా పోయాడు బాబూ?" అని ఆ తల్లి అడిగింది. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత అనుభవం ఉన్న సరంగులను అడిగి, తెలిసినవారి వద్ద కూర్చుని నేర్చుకున్న సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము. వేటకు వెళ్లేవారికి వీటిలో చాలా మటుకు తెలిసినవే. అయినా ఎందుకు అలా చేయాలో కారణం తెలిస్తే, తొందరలో కూడా ఆ పని మరచిపోకుండా ఉంటాము.

బయలుదేరక ముందు

మన తీరంలో ఇంజన్ పడవలకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అది ముగిసేసరికి నైరుతి గాలులు మొదలవుతాయి. రెండు నెలలు సంపాదన లేని ఇంటి నుంచి మనిషి సరిగ్గా గాలి వేళలోనే సముద్రంలోకి దిగుతాడు. తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానులో వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు వందల్లో ఉన్నారు. ఆ రోజుల్లో నడిసముద్రంలో ఉన్నవాడికి కబురు అందించే దారి సరిగా లేదు. ఈనాడు ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. వాతావరణ శాఖ హెచ్చరికలు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల సమాచారం సెల్‌ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ఈ సమాచారాన్ని అర్థం చేసుకోవడంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది అలల ఎత్తు. "రెండు మీటర్ల అలలు" అన్నారంటే ప్రతి అలా రెండు మీటర్లే ఉంటుందని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడోవంతు అలల సగటు ఎత్తును అలా చెబుతారు. మధ్యలో ఒక్కో అల దానికి దాదాపు రెట్టింపు ఎత్తున కూడా రావచ్చు. రెండవది రేవులో ఎగురవేసే ప్రమాద సూచిక. ఒకటో నంబరు అంటే ప్రమాదం లేదని కొందరు అనుకుంటారు. దూరాన సముద్రంలో వాయుగుండం వంటిది పుట్టిందని దాని అర్థం. రేవులో ఉన్న ఓడకు అది దూరమే, దూరం వెళ్లి వేటాడే చిన్న పడవకు మాత్రం అది ఎదురు రావచ్చు.

గాలి వేగం రెట్టింపైతే అది పడవను నెట్టే బలం నాలుగింతలు అవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో ఆడుతూ పాడుతూ నడిపినవాడు 40 కిలోమీటర్ల గాలిలో "ఇంకాస్త కష్టం, అంతేగా" అనుకుంటే లెక్క తప్పినట్టే.

బరువు ఎక్కడ పెట్టాలి

చిన్న పడవ నిలకడ అంతా బరువులోనే ఉంది. ఐస్ పెట్టెలు, వల, చేపలు, డీజిల్ డబ్బాలు ఎంత కిందికి, ఎంత మధ్యకు ఉంటే అంత మంచిది. వలను గుట్టగా పోసి దాని మీద మనుషులు కూర్చుంటే బరువు పైకి చేరి పడవ ఊగడం మొదలుపెడుతుంది. కదిలే వస్తువు ఏదైనా తాడుతో కట్టాలి. పడవ ఒరిగినప్పుడు వస్తువులు కూడా అదే వైపు జారితే మళ్లీ నిలబడడం కష్టం.

అన్నిటికంటే ప్రమాదమైన బరువు లోపలికి చేరిన నీరు. 8 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న పడవలో 10 సెంటీమీటర్ల నీరు నిలిచిందనుకోండి. చీలమండ కూడా సరిగా మునగని ఆ నీరు దాదాపు ఒక టన్ను బరువు. పైగా ఆ టన్ను ఒకచోట ఉండదు. పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తుంది. అందుకే పెద్ద సరంగులు "ముందు నీళ్లు తోడు, తరువాత వల చూడు" అంటారు. తోడే బకెట్టును తాడుతో పడవకు కట్టి ఉంచాలి. కావలసిన సమయానికి అది కొట్టుకుపోతే పంపు చెడిన పడవకు దిక్కులేదు.

ఎదురు అలలు

పడవకు బలమైన భాగం అణియం, అంటే ముందు కొన. బలహీనమైన భాగం పక్క. అందువల్ల అలను ఎప్పుడూ పక్కకు తగలనివ్వకూడదు. మామూలు పెద్ద అలలను అణియంతో కొంచెం ఓరగా ఎక్కితే పడవ దభీమని పడకుండా జారుతుంది. నురుగు కక్కుతూ విరిగే అల వస్తుంటే మాత్రం ఓరగా ఉండరాదు, తిన్నగా ఎదుర్కోవాలి.

వేగం కూడా అలతో పాటు మారాలి. ఎక్కేటప్పుడు చుక్కానికి పట్టు దొరికేంత వేగం ఇవ్వాలి. కొసకు చేరేసరికి తగ్గించాలి. తగ్గించకపోతే పడవ గాలిలోకి లేచి అవతలి పల్లంలో ముక్కు గుచ్చుకుంటుంది. మరీ ఆపేసినా ప్రమాదమే, కదలని పడవ చుక్కాని మాట వినదు.

వెనక్కి తిరగవలసి వస్తే తొందరపడకూడదు. పెద్ద అలలు సాధారణంగా గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి పోయాక కాసేపు నెమ్మది వస్తుంది. గుంపులోని చివరి అల అణియం కింద నుంచి దాటిపోగానే, దాని వీపు మీద, ఒక్క ఊపున తిప్పాలి. సగం తిప్పి ఆలోచించడానికి సముద్రం సమయం ఇవ్వదు.

వెనుక నుంచి వచ్చే అల

ఇంటికి వచ్చేటప్పుడు అలలు అమరం వైపు నుంచి వస్తాయి. ఎదురు అల భయపెడుతుంది కాబట్టి మనిషి జాగ్రత్తగా ఉంటాడు. వెనుక అల నెట్టుకుపోతుంటే ప్రయాణం హాయిగా సాగుతున్నట్టు అనిపిస్తుంది. ప్రమాదం అందులోనే ఉంది. అల ముఖం మీద పడవ జారడం మొదలుపెడితే అణియం కింది నీటిలో దిగబడి ఆగుతుంది, అమరాన్ని మాత్రం అల ఇంకా తోస్తూనే ఉంటుంది. క్షణంలో పడవ అడ్డం తిరుగుతుంది. తరువాతి అల పక్కకు కొట్టి బోల్తా వేస్తుంది.

దీనికి ఉపాయం అల ముఖం మీద ఉండకపోవడమే. ముందుపోయే అల వీపు మీద, దాని కొసను దాటకుండా సాగాలి. వెనుక అల అందుకుంటుంటే వేగం తగ్గించి దాన్ని కింద నుంచి పోనివ్వాలి. బరువును కొంచెం అమరం వైపుకు మార్చాలి. పొడవాటి తాడుకు బకెట్టుగాని పాత వల మూటగాని కట్టి అమరం నుంచి ఈడ్చితే పడవ తిన్నగా ఉంటుంది. ఆ తాడు ఇంజన్ ఫంకాకు చుట్టుకోకుండా ఒక మనిషి కనిపెట్టి ఉండాలి.

మొగ దగ్గర

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వద్దాము. లోతు నీటిలో పెద్ద అల కూడా పడవను ఎత్తి దించి పోతుంది. లోతు తగ్గినప్పుడు అల అడుగు నేలను తాకి నెమ్మదిస్తుంది, పై భాగం ముందుకు తూలి విరిగిపడుతుంది. లోతు అల ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్లకు తగ్గేసరికి విరగడం జరుగుతుంది. మొగలో ఇసుక మేట వేసిన చోట పోటు మీద రెండున్నర మీటర్ల నీరు ఉందనుకోండి, మీటరున్నర అల విరగకుండా దాటుతుంది. అదే చోట పాటు మీద మీటరున్నర నీరే మిగిలితే ఆ అలే గోడలా నిలబడి విరుగుతుంది. ఉదయం క్షేమంగా దాటిన మొగ సాయంత్రం మనిషిని మింగడానికి కారణం ఇదే.

పాటు నీరు మరో కీడు కూడా చేస్తుంది. పాయ నీరు బయటికి పరుగెత్తుతూ లోపలికి వచ్చే అలకు ఎదురవుతుంది. అప్పుడు అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆ వడి ఇంకా ఎక్కువ. వానల తరువాత వరద నీరు తోడైతే చెప్పనక్కరలేదు.

రెండు మీటర్ల లోతులో అల గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సరుకు నిండిన చిన్న తెప్ప ఆ వేగాన్ని అందుకోవడం కష్టం. కాబట్టి అలతో పందెం వేసి మొగ దాటుదామంటే కుదరదు. చేయవలసింది ఒక్కటే, ఆగడం. మేటకు బాగా ఇవతల, అలలు విరగని లోతులో, అణియం సముద్రం వైపు ఉంచి పది పదిహేను నిమిషాలు చూడాలి. అలలు ఎక్కడ విరుగుతున్నాయి, ఎక్కడ విరగడం లేదు, పెద్ద గుంపుల మధ్య ఎంత విరామం ఉంది అని గమనించాలి. జాకెట్లు తొడుక్కోవాలి, నీరు తోడేయాలి, సరుకు కట్టేయాలి. పెద్ద గుంపు దాటగానే తిన్నగా, ఆగకుండా లోపలికి రావాలి. విరామం దొరకకపోతే పోటు వచ్చే వరకు బయటే ఉండాలి. పాటు అడుగంటాక పోటు నిండడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది, మొగ దాటడానికి సగం పోటు చాలవచ్చు.

ఆ కాసేపు ఆగడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఐస్ కరుగుతుంది, వేలం వేళ దాటుతుంది, అప్పు ఇచ్చిన వ్యాపారి గట్టు మీద ఎదురుచూస్తుంటాడు. ఇల్లు కళ్ల ముందు కనబడుతుంది. ఆ అబ్బాయి తెప్ప ఆ రోజు ఆగలేదు.

ఇంజన్ ఆగితే, పడవ తిరగబడితే

ఇంజన్ ఆగిన పడవ తనంతట తాను అలలకు అడ్డం తిరుగుతుంది. అందుకని మరమ్మతుకు ముందే అణియం నుంచి లంగరు వేయాలి. తాడు లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లు వదలాలి. 5 మీటర్ల లోతులో 25 నుంచి 35 మీటర్లు అన్నమాట. లంగరు అందని లోతైతే వలనో, తాడుకు కట్టిన బకెట్టునో అణియం నుంచి వదలాలి. ఆ లాగుడుకు ముక్కు అలల వైపే నిలుస్తుంది. అమరం నుంచి లంగరు వేయడం మాత్రం ఎన్నడూ చేయరాదు, అల నేరుగా లోపలికి వస్తుంది.

పడవ తిరగబడితే ముందు మనుషులను లెక్కపెట్టండి. వల చుట్టుకున్నవాణ్ణి విడిపించడానికి నడుముకు చిన్న కత్తి ఉండాలి. ఫైబర్ తెప్పల్లో చాలావాటి లోపల థర్మోకోల్ నింపి ఉంటుంది, తిరగబడినా తేలతాయి. దాన్ని వదలకండి. ఒడ్డు కళ్లకు దగ్గరగా కనిపిస్తుంది, పాటు నీరు మాత్రం ఈదేవాణ్ణి బయటికే లాగుతుంది. నీటిలో తల ఒక్కటే కనిపించే మనిషిని వెదకడం కష్టం, తెప్ప అయితే దూరం నుంచే కనిపిస్తుంది. దాహం వేసినా ఉప్పునీరు తాగకూడదు.

గట్టు మీదివాళ్ల పని

పడవలో మనిషికొక జాకెట్టు, ఈల, టార్చి, తాగునీరు, ప్లాస్టిక్ సంచిలో మూసిన ఫోన్ ఉండాలి. జాకెట్టు ఒంటి మీద ఉంటేనే జాకెట్టు, మూటలో ఉంటే అది కూడా సరుకే.

ఇంట్లోవాళ్లు బయలుదేరిన వేళ, వెళ్లిన దిక్కు, పడవలో ఉన్నవారి పేర్లు, తిరిగి వస్తామన్న సమయం రాసి ఉంచుకోవాలి. ఆ వేళ దాటి ఫోన్ కలవకపోతే తెల్లవారే దాకా ఆగకుండా తీర రక్షక దళానికి 1554, మెరైన్ పోలీసులకు 1093 నంబర్లకు చెప్పాలి.

సముద్రానికి వెళ్లని మన పాఠకులకు కూడా ఒక మనవి. ఆలస్యంగా వచ్చిన తెప్పను "ఇప్పుడా రావడం?" అని నిలదీయకండి. పోటు కోసం ఆగి వచ్చినవాడు వేలంలో నాలుగు రూపాయలు పోగొట్టుకుని నాలుగు ప్రాణాలు ఒడ్డుకు తెచ్చాడు. వ్యాపారి అయినా, అన్నదమ్ములైనా ఆ రోజు అతనికి చెప్పవలసిన మాట "మంచి పని చేశావు" అని. ఆ మాట గట్టు మీద వినబడితే మొగ బయట ఆగడానికి మరొకడికి ధైర్యం వస్తుంది.