మాట రాని బిడ్డకు బొమ్మల తోడు

బిడ్డకు రెండేళ్ళు నిండినా మాట రాకపోతే మన ఇళ్ళలో పెద్దలు చెప్పేది ఒక్కటే: "తొందరేముంది? వీళ్ళ అబ్బాకూ ఆలస్యంగానే వచ్చింది." కొందరు పిల్లల విషయంలో అది నిజమే కావచ్చు. కానీ సెరెబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, ఆటిజం వంటివి ఉన్న పిల్లలకు ఈ ఎదురుచూపు వల్ల ఎంతో నష్టం. దాహమైందని, కడుపు నొస్తోందని చెప్పుకోలేక వాళ్ళు ఏడుస్తారు, కొరుకుతారు, తల గోడకు కొట్టుకుంటారు. దానికి మనం మొండితనమని పేరు పెడతాం.

ఇలాంటి పిల్లలకు సైగలు, ఫోటోలు, బొమ్మల అట్టలు, నొక్కితే మాట పలికే యంత్రాలు ఆసరాగా ఇవ్వడాన్ని ఆగ్‌మెంటేటివ్ కమ్యూనికేషన్ అంటారు. దీనికి కనీస వయసంటూ లేదు. ముందు కూర్చోవడం రావాలి, బొమ్మలు గుర్తుపట్టాలి అనే షరతులూ లేవు.

"బొమ్మ చూపించడం అలవాటైతే ఇక నోరు తెరవడు" అని తల్లిదండ్రులు భయపడతారు. భయం సహజమే గానీ, ఆధారం లేనిది. మిల్లర్, లైట్, స్లోసర్ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను 2006లో జల్లెడ పట్టారు. వాటిలో పకడ్బందీగా జరిగిన అధ్యయనాల్లోని 27 మందిలో ఒక్కరికీ ఉన్న మాట తగ్గలేదు. 89 శాతం మందికి పెరిగింది. అమెరికాలో 62 మంది పసిపిల్లలపై రామ్‌స్కీ బృందం జరిపిన పరిశోధన 2010లో వెలువడింది. మాట పలికే యంత్రాలు ఆ పిల్లల నోటి మాటకు అడ్డు రాలేదని అందులోనూ తేలింది. ఆ మాటకొస్తే ఏ బిడ్డయినా నోట మాట రాకముందే చెయ్యెత్తి సలాం చేస్తుంది, చందమామను వేలితో చూపిస్తుంది. అందుకు మాట ఆగిపోయిందా?

ఖరీదైన యంత్రంతోనే మొదలుపెట్టనక్కర్లేదు. బిడ్డ రోజూ తాగే గ్లాసునే ఫోటో తీసి అట్టముక్కకు అతికించండి. "పానీ" అంటూ మీరే ముందు ఆ ఫోటోను తాకి, నీళ్ళు ఇవ్వండి. రోజుకు పదిసార్లయినా, వారాల తరబడి. ఫోటో తాకాక కాసేపు ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. బిడ్డ చూపు అటు మళ్ళినా అడిగినట్టే లెక్క. "ఇదేమిటి? చెప్పు, చెబితేనే ఇస్తా" అని మాత్రం పరీక్ష పెట్టకండి. తిండి బొమ్మలతో సరిపెట్టకుండా "ఇంకా" అనేదానికొకటి, "వద్దు" అనేదానికొకటి చేర్చండి. వద్దనే హక్కు పసివాడికీ ఉండాలని మేమంటాం. అట్ట ఎప్పుడూ బిడ్డ చేతికందేలా ఉండాలి. గోడకు అందంగా తగిలించిన అట్ట చుట్టాలకు చూపించడానికే పనికొస్తుంది!

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండు భాషలతో బిడ్డ తికమకపడతాడని, ఒకటి మానేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో రెండు భాషల వల్ల నష్టం కనిపించలేదు. నానీ ఆ గ్లాసు బొమ్మను తాకి "పానీ" అంటుంది, పక్కింటి అక్క "నీళ్ళు" అంటుంది. బొమ్మ అదే. తల్లి తనకు రాని భాషలో బిడ్డతో ముక్తసరిగా మాట్లాడటం కంటే ఇదే మేలు.

అన్నిటికంటే ముందు చెవి పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలయ్యాక చాలా జిల్లాల్లో ప్రభుత్వాసుపత్రులకు అనుబంధంగా డీఈఐసీ కేంద్రాలు ఏర్పడ్డాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. వెళ్ళేటప్పుడు బిడ్డ ఏ సైగ చేస్తే, ఏ శబ్దం చేస్తే ఏమని అర్థమో ఒక కాగితంపై రాసి పట్టుకెళ్ళండి. రాసేముందు నానీనో దాదీనో అడగండి. రోజంతా బిడ్డను చంకనేసుకుని తిరిగే ఆమెకు మీకు తెలియనివి కూడా నాలుగు తెలిసి ఉంటాయి.