ఆ పాపకి ఇద్దరమ్మలట!

సెలవులకి అమెరికా నుంచి వచ్చిన మనవరాలు మిరప కల్లంలో మీ పక్కన చతికిలబడి, తాలుకాయలు ఏరుతూ ఏరుతూ "అమ్మమ్మా, మా క్లాసులో ఒక పాపకి ఇద్దరమ్మలు తెలుసా?" అందనుకోండి. మీరేం చెబుతారు?

దాచేపల్లిలో ఇలాంటి ప్రశ్న ఎందుకొస్తుందిలే అనుకోకండి. పల్నాడు పిల్లలు డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ కాపురాలు పెట్టారు. అమెరికా దేశమంతటా 2015 జూన్ 26 నుంచి ఇద్దరు ఆడవాళ్ళు గానీ, ఇద్దరు మగవాళ్ళు గానీ చట్టప్రకారం పెళ్ళి చేసుకోవచ్చు. వాళ్ళ పిల్లలూ మన పిల్లలూ ఒకే బడికి పోతారు.

"ఛ! తప్పు, అలాంటి మాటలనకూడదు" అనేస్తాం మనలో చాలామందిమి. తప్పేమిటో పాపకి తెలియదు. స్నేహితురాలిలో ఏదో దోషముందని మాత్రం అర్థమవుతుంది. తిరిగి బడికెళ్ళాక ఆ పిల్ల పక్కన కూర్చోవడానికి జంకుతుంది.

అసలు పిల్లల సందేహాలే వేరు. జడ ఎవరు వేస్తారు? బడి నుంచి తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు? ఇద్దర్నీ 'అమ్మా' అని పిలిస్తే ఎవరు పలుకుతారు? ఒకరిని అమ్మ అనీ, ఇంకొకరిని మమ్మీ అనీ పిలుస్తుందని తెలిస్తే "ఓహో" అని ఆటలో పడిపోతారు. అయినా అమ్మలు ఎక్కువైతే మన పిల్లలు ఏనాడు తికమకపడ్డారు చెప్పండి? పెద్దమ్మ, చిన్నమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ... అందరి పిలుపులోనూ అమ్మ ఉంది. కృష్ణుడికి దేవకీ అమ్మే, యశోదా అమ్మే. (అదీ ఇదీ ఒకటేనని నేననడం లేదు. పిల్లల మనసులో చోటుకి కరువు లేదంటున్నాను, అంతే.)

అలాంటి ఇళ్ళలో పెరిగితే పిల్లలు ఏమైపోతారో అన్న దిగులు మాత్రం పెద్దవాళ్ళందరికీ ఉండేదే. అమెరికాలో నానెట్ గార్ట్రెల్ అనే డాక్టరమ్మ 1986లో మొదలుపెట్టి, ఇద్దరు తల్లుల ఇళ్ళలో పిల్లల్ని పుట్టకముందు నుంచీ గమనిస్తూ వచ్చారు. వాళ్ళకి పాతికేళ్ళు వచ్చాక మానసిక ఆరోగ్యంలో తోటివాళ్ళతో పోలిస్తే తేడా కనబడలేదని 2018లో ఆమె బృందం ప్రకటించింది. స్వయంగా ముందుకొచ్చిన ఎనభై చిల్లర కుటుంబాలే అవి, నిజమే. కానీ అదే పరిశీలనలో ఇంకో సంగతి బయటపడింది. తల్లుల గురించి ఎగతాళి పడ్డ పిల్లల్లో ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి.

కాబట్టి అడిగినంతకే జవాబు చెప్పండి. "అవునమ్మా, కొన్నిళ్ళలో అమ్మా నాన్నా ఉంటారు, కొన్నిళ్ళలో ఇద్దరమ్మలుంటారు" అంటే సరిపోతుంది. పిల్ల ఎదుట పక్కింటావిడతో ముసిముసిగా నవ్వుకోవడం వద్దు. వాళ్ళు మాటల కన్నా ముందు మొహాలు చదువుతారు.

"మరి మన దగ్గర లేరా?" అంటుందేమో. ఎందుకు లేరు! 2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు యువకులు బెంగాలీ, పంజాబీ పద్ధతుల్లో పెళ్ళి వేడుక చేసుకున్నారు. మా పెళ్ళిని చట్టం గుర్తించాలని సుప్రీంకోర్టుకీ వెళ్ళారు. అలాంటి బంధం నేరం కాదని ఆ కోర్టే 2018 సెప్టెంబరు 6న చెప్పింది. కానీ 2023 అక్టోబరు 17న పెళ్ళి హక్కు ఇవ్వలేమంది. ఇలాంటి జంటలు కలిసి దత్తత తీసుకోవడమూ 3-2 మెజారిటీతో కుదరలేదు. రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్ళుగా లెక్కించడానికీ, బ్యాంకులో జాయింట్ ఖాతాకీ అభ్యంతరం లేదని 2024లో కేంద్రం తెలిపింది.

ఒంటరిగా ఒకరు దత్తత తీసుకోవచ్చు. అప్పుడు కాగితాల మీద ఆ బిడ్డకి ఒక్కరే అమ్మ. అన్నం కలిపి పెట్టి, హోంవర్కు చేయించే రెండో ఆవిడకి, బిడ్డని ఆస్పత్రిలో చేర్చిన రోజున తల్లిగా సంతకం పెట్టే హక్కు లేదు.