ఇతరుల రక్షణ కోసం ప్రార్థన: క్రైస్తవ వేదాంతం, తెలుగునాట అనుభవం

1.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• 'రక్షణ', 'విజ్ఞాపన' అనే పదాల అర్థాన్ని వివరించగలుగుతారు.
• ఇతరుల రక్షణ కోసం ప్రార్థించడానికి క్రైస్తవులు చూపే ఆధారాలను, అందులోని వేదాంతపరమైన చిక్కును తెలుసుకుంటారు.
• ఒంగోలు మిషన్ చరిత్ర ఆధారంగా ఈ ప్రార్థనకు, సేవకు, మతస్వేచ్ఛకు ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• ఈ ప్రార్థనపై వచ్చిన అభ్యంతరాలను నిష్పక్షపాతంగా చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలోని భట్టిప్రోలు పేరు వినగానే చరిత్ర విద్యార్థులకు బౌద్ధ స్తూపం గుర్తుకు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో ఇక్కడ శాసనాలున్న ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటిలో ఒక శాసనం, కుర అనే వ్యక్తి, అతని తల్లి, తండ్రి, సివ అనే మరొకరు కలిసి బుద్ధుని ధాతువుల కోసం పెట్టెను, స్ఫటికపు భరిణెను చేయించారని చెబుతుంది. దానం చేసింది ఒక్కరు కాదు, ఒక కుటుంబం. తరువాతి కాలానికి చెందిన నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు రాజవంశపు స్త్రీ చాంతిసిరి తనకు నిర్వాణం, పుట్టింటికీ మెట్టినింటికీ, సమస్త లోకానికీ హితసుఖాలు కలగాలని కోరుతూ దానం చేసింది. ఒకరి మేలు కోరి మరొకరు మతకార్యం చేయడం కృష్ణాతీరానికి కొత్త కాదని దీనివల్ల తెలుస్తుంది.

నేడు ఇదే ప్రాంతంలో లూథరన్, బాప్టిస్టు, పెంతెకోస్తు మొదలైన క్రైస్తవ సంఘాలున్నాయి. అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు చేరడంతో మొదలైన పని 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా రూపుదిద్దుకొంది. ఆదివారం ఆరాధనలోను, ఇళ్ళలో జరిగే కుటుంబ ప్రార్థనల్లోను, ఉపవాస ప్రార్థనల్లోను తరచు వినిపించే మనవి ఒకటుంది. ఇంకా విశ్వాసంలోకి రాని భర్త, అన్నదమ్ముడు, పొరుగువాడు రక్షణ పొందాలన్నదే ఆ మనవి.

ఈ మనవి చాలా ఇళ్ళలో సున్నితమైన విషయం. ఒకే ఇంట్లో తల్లి చర్చికి, తండ్రి గుడికి వెళ్ళే కుటుంబాలు మనకు తెలియనివి కావు. తల్లి చేసే ప్రార్థనను బిడ్డ ప్రేమగా భావించవచ్చు. అదే ప్రార్థనను తండ్రి తన విశ్వాసంపై తీర్పుగా భావించవచ్చు. కాబట్టి ఈ పాఠంలో మూడు ప్రశ్నలను పరిశీలిద్దాం. క్రైస్తవులు ఇతరుల రక్షణ కోసం ప్రార్థించాలా? ప్రార్థిస్తే ఎందుకు? ఆ ప్రార్థనకు హద్దు ఏమిటి?

1.2 రెండు కీలక పదాలు

క్రైస్తవ వేదాంతంలో 'రక్షణ' అంటే దేవుని కృపవల్ల మనిషి పాపం నుంచి, మరణభయం నుంచి విడుదల పొంది దేవునితో సమాధానపడటం. ఇది మరణం తరువాతి స్థితి మాత్రమే కాదు. ఈ జీవితంలోనే మొదలయ్యే మార్పు. మోక్షం, నిర్వాణం అనే భావాలతో దీనికి కొన్ని పోలికలున్నా మూడూ ఒకటే అనుకోకూడదు.

'విజ్ఞాపన' అంటే ఒకరి పక్షాన మరొకరు దేవునికి చేసే మనవి. బౌద్ధ దానశాసనంలో పుణ్యఫలం ఇతరులకు కూడా అందాలన్న ఆకాంక్ష ఉంటుంది. క్రైస్తవ విజ్ఞాపనలో మాత్రం ప్రార్థించేవారి పుణ్యానికి స్థానం లేదు. అక్కడ ఉన్నది దేవుణ్ణి అడగడం మాత్రమే.

1.3 బైబిలు ఆధారాలు

పాత నిబంధనలో అబ్రాహాము సొదొమ పట్టణం కోసం దేవునితో వాదిస్తాడు (ఆదికాండము 18). మోషే దూడను పూజించిన ప్రజలను క్షమించమని, లేకపోతే తన పేరునే కొట్టివేయమని వేడుకుంటాడు (నిర్గమకాండము 32). అబ్రాహాముకు సొదొమ ప్రజలు స్వజనం కారన్న సంగతి గమనించదగినది.

కొత్త నిబంధనలో యేసు తనను సిలువ వేసినవారి క్షమాపణ కోసం ప్రార్థించాడు (లూకా 23:34). తన జనుల రక్షణే తన హృదయవాంఛ అని పౌలు రాశాడు (రోమీయులకు 10:1). మనుషులందరి కోసం, రాజుల కోసం కూడా ప్రార్థించమని 1 తిమోతి 2:1–4 ఆదేశిస్తుంది. అందరూ రక్షణ పొందాలన్నదే దేవుని ఇచ్ఛ అని అందుకు కారణం చూపుతుంది. నాటి రాజులు క్రైస్తవులు కారు కాబట్టి, ఈ ఆదేశం సంఘం గోడలు దాటి వెళ్ళిందని అర్థమవుతుంది.

మార్కు సువార్త 2వ అధ్యాయంలోని కథ మరో కోణాన్ని చూపుతుంది. నలుగురు మనుషులు పక్షవాయువు గలవాణ్ణి మంచంతో మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ముందు దించారు. యేసు 'వారి' విశ్వాసాన్ని చూసి అతనితో మాట్లాడాడు. మోసుకురావడం నలుగురి పని; లేచి నడవడం మాత్రం అతని పనే. విజ్ఞాపనకు ఉన్న బలాన్ని, పరిమితిని ఈ కథతో గుర్తుపెట్టుకోవచ్చు.

పై ఆధారాలను బట్టి మొదటి ప్రశ్నకు సమాధానం స్పష్టమే. క్రైస్తవ సంప్రదాయం ప్రకారం ఇతరుల రక్షణ కోసం ప్రార్థించడం ఇష్టమైతే చేసే పని కాదు, బాధ్యత.

1.4 వేదాంతపరమైన చిక్కు

బాధ్యత అన్నంత మాత్రాన చిక్కు తీరలేదు. ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే నిర్ణయించి ఉంటే ప్రార్థన దేనికి? అది పూర్తిగా మనిషి ఎంపిక అయితే, దేవుణ్ణి అడిగి ప్రయోజనమేమిటి?

ఐదో శతాబ్దంలో ఈ చర్చ తీవ్రంగా జరిగింది. సంఘం అవిశ్వాసుల కోసం ప్రార్థిస్తున్నదంటేనే, విశ్వాసం దేవుని వరమని అది నమ్ముతున్నట్లు అని అగస్టీన్ వాదించాడు. అతని శిష్యపరంపరలోని ప్రోస్పర్ దీనిని ఒక సూత్రంగా చెప్పాడు. సంఘం ఎలా ప్రార్థిస్తుందో చూస్తే అది ఏమి నమ్ముతుందో తెలుస్తుందన్నది ఆ సూత్రం సారం. అగస్టీన్ వాదన వెనుక సొంత జీవితం కూడా ఉంది. తల్లి మోనికా ఏళ్ళ తరబడి అతని కోసం కన్నీటితో ప్రార్థించింది. 387లో మిలాన్ నగరంలో అతను బాప్తిస్మం పొందాడు.

దైవనిర్ణయాన్ని గట్టిగా బోధించిన జాన్ కాల్విన్ (1509–1564) కూడా భూమిమీద ఉన్న అందరి కోసం ప్రార్థించమనే చెప్పాడు. దేవుని నిర్ణయం మనకు తెలియదు కాబట్టి ఎవరినీ విడిచిపెట్టే హక్కు మనకు లేదన్నది అతని తర్కం. మానవ స్వేచ్ఛకు ప్రాధాన్యమిచ్చిన జాన్ వెస్లీ (1703–1791) అభిప్రాయం వేరు. మనిషి స్పందించడానికి ముందే దేవుని కృప అతనిలో పనిచేస్తుందని, మనిషి దానిని అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చునని అతను బోధించాడు. ఇద్దరి మార్గాలు వేరైనా ఇద్దరూ చేరింది ఒకే చోటికి. ప్రార్థన మరొకరి మనసును లొంగదీసే సాధనం కాదు. అది దేవునికి చేసే మనవి. ఫలితం ప్రార్థించేవాడి చేతిలో ఉండదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) పుణ్యఫలాన్ని పంచడానికి, విజ్ఞాపనకు మధ్య తేడా ఏమిటి?
ఆ) దైవనిర్ణయాన్ని నమ్మిన కాల్విన్ అందరి కోసం ప్రార్థించమని ఎందుకు అన్నాడు?

1.5 ఒంగోలు అనుభవం

ఈ సిద్ధాంతం ఆచరణలో ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి భట్టిప్రోలుకు దక్షిణాన, బాపట్ల దాటి వెళితే వచ్చే ఒంగోలు ప్రాంతపు చరిత్ర ఉపయోగపడుతుంది.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1840లో నెల్లూరు కేంద్రంగా స్థిరపడింది. ఏళ్ళు గడిచినా క్రైస్తవులైనవారు వేళ్ళమీద లెక్కించదగినంత మందే. మిషన్‌ను మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో పలుసార్లు వచ్చింది. 1853లో జరిగిన చర్చ నుంచే దీనికి 'లోన్ స్టార్' (ఒంటరి నక్షత్రం) మిషన్ అన్న పేరు వచ్చింది. మరుసటి ఏడాది, 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు క్రైస్తవులు ఒంగోలులోని ఒక కొండ ఎక్కి, ఆ ప్రాంత ప్రజల కోసం, అక్కడికి ఒక బోధకుని పంపమని ప్రార్థించారు. ఆ బృందంలో జూలియా అనే తెలుగు యువతి కూడా ఉంది. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు స్థిరపడింది.

జాన్ ఇ. క్లౌ ఒంగోలులో పని మొదలుపెట్టింది 1866లో. అంటే మధ్యలో పన్నెండేళ్ళ నిరీక్షణ. మరో ముఖ్య విషయం కూడా ఉంది. మాదిగ కులానికి చెందిన యర్రగుంట్ల పేరయ్య అంతకు ముందు యోగమార్గ గురువులను ఆశ్రయించి సత్యాన్ని వెతికినవాడు. క్రైస్తవుడయ్యాక తనవారికి తానే బోధకుడయ్యాడు. కాబట్టి ప్రార్థనకు పాత్రులైన ప్రజలు చేతులు కట్టుకు కూర్చున్నవారు కారు. తమ దారిని తామే వెతుక్కున్నారు.

1876–78 నాటి మహా కరవులో ఈ ప్రార్థనకు అసలైన పరీక్ష ఎదురైంది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. బోధకులు పనిని పర్యవేక్షిస్తూ కూలీలతో కలిసి ఉన్నారు. బాప్తిస్మం ఇమ్మని చాలామంది అడిగారు. ఏళ్ళ తరబడి కోరుకున్నది ఎదురుగా వచ్చి నిలిచింది. అయినా క్లౌ కరవు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. కూలి కోసం, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదనీ, ఆకలిలో తీసుకున్న నిర్ణయం స్వేచ్ఛగా తీసుకున్నది కాదనీ అతను భావించాడు. సహాయం ముగిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మూడు రోజుల్లో 3,536 మంది, అందులో జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

దీనిని ఎలా అర్థం చేసుకోవాలి? విశ్వాసులు దీనిని 1854 నాటి ప్రార్థనకు జవాబుగా చూస్తారు. చరిత్రకారులు కుల అణచివేత, కరవు, బంధువర్గం మొత్తంగా కదలడం, పేరయ్య వంటి స్థానిక బోధకుల కృషి మొదలైన కారణాలను చూపుతారు. కరవులో అందిన సాయం జ్ఞాపకం జనం నిర్ణయంపై ప్రభావం చూపలేదని కూడా ఎవరూ అనలేరు. ప్రార్థన ఫలించిందా అన్నది చరిత్ర పద్ధతులతో రుజువు చేయగల విషయం కాదు. అయితే ప్రార్థించినవారు ఏమి చేశారన్నది పరిశీలించగల విషయం. ఆ కసరత్తులో తేలేది ఇది: వారు ముందు అన్నం దారి చూపారు, బాప్తిస్మాన్ని అన్నంతో ముడిపెట్టకుండా ఉండటానికి ప్రయత్నించారు.

1.6 అభ్యంతరాలు

గాంధీజీ 1928లో సబర్మతిలో జరిగిన అంతర్జాతీయ మతమైత్రి సమావేశంలో ఈ ప్రార్థనను సూటిగా ప్రశ్నించారు. నాకు దొరికిన వెలుగే ఎదుటివారికీ ఇమ్మని కాకుండా, వారి ఎదుగుదలకు అవసరమైన వెలుగును వారికి ఇమ్మని ప్రార్థించాలన్నది ఆయన భావం. నా మతమే నీకు మంచిదని అనుకోవడంలో ఆధిక్యభావం ఉందన్నది ఈ విమర్శ సారం.

1912లో బిషప్‌గా అభిషిక్తుడై, తెలుగు ప్రాంతంలో దోర్నకల్ అధ్యక్ష మండలాన్ని నడిపిన వి.ఎస్. అజరయ్య దీనితో ఏకీభవించలేదు. ఆయన దృష్టిలో సువార్త ఒకరి సొత్తు కాదు, పొందినవారు పంచుకోవలసినది. అణగారిన ప్రజలకు తమ మతాన్ని తామే నిర్ణయించుకోగల శక్తి ఉందన్న విషయం కూడా ఈ వాదానికి బలం.

ప్రార్థనలోని మాటలే గాయం చేసిన సందర్భాలూ ఉన్నాయి. కతోలిక సంఘం శుభశుక్రవారం నాడు యూదుల కోసం చేసే ప్రార్థనలో వారిని కించపరిచే విశేషణం శతాబ్దాల పాటు ఉండేది. 1959లో పోప్ 23వ జాన్ దానిని తొలగించారు. 1970 నాటి ఆరాధన గ్రంథంలో ఆ ప్రార్థననే మార్చారు. ప్రార్థించడం మానలేదు, ప్రార్థించే తీరును సరిదిద్దుకున్నారు.

చట్టం కోణం కూడా తెలుసుకోవాలి. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇచ్చింది. ప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. పైగా మన రాష్ట్రంలో బాప్తిస్మం నిర్ణయం సామాజికమైనది కూడా. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతులలోని 'సి' వర్గంలో చేర్చారు. రిజర్వేషన్, పెళ్ళి సంబంధం, బంధువుల రాకపోకలు ఇవన్నీ ఆ నిర్ణయంతో ముడిపడి ఉంటాయి. ఆ మూల్యాన్ని చెల్లించేది ప్రార్థించేవారు కాదు, ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో వారే. అందుకే నిర్ణయం వారిదే కావాలి.

1.7 ప్రార్థనకు హద్దులు

ఇంతవరకు చూసిన విషయాల నుంచి కొన్ని ప్రమాణాలను రూపొందించుకోవచ్చు.

మొదటిది: ప్రార్థన దేవునికి చేసేది, ఎదుటివారికి వినిపించేది కాదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొని ప్రార్థించమని మత్తయి 6:6 చెబుతుంది. పొరుగువాడి పేరును మైకులో చెప్పి, అతని పాపాల జాబితా చదివితే అది ప్రార్థన రూపంలో చేసే నింద అవుతుంది.

రెండవది: సేవ షరతు కాకూడదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్థాపించిన ఆసుపత్రి వంటి మిషన్ వైద్యశాలలకు అన్ని మతాల రోగులూ వచ్చారు. మంచంమీద ఉన్న రోగి 'వద్దు' అనగలిగే స్థితిలో ఉండకపోవచ్చు. కాబట్టి ఆమె పక్కన నిలబడి పైకి ప్రార్థించే ముందు ఆమె అనుమతి అడగడం కనీస మర్యాద. మనసులో చేసే ప్రార్థనకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

మూడవది: ప్రార్థించేవాడు తానూ కృప అవసరమైనవాడేనని మరవకూడదు. పౌలు తన్ను తాను పాపులలో ప్రధానుడిగా చెప్పుకున్నాడు (1 తిమోతి 1:15). అందరి కోసం ప్రార్థించమన్న ఆదేశం ఆ వెంటనే వచ్చే అధ్యాయంలోనిదే.

నాలుగవది: ఎదుటివారు మారకపోయినా ప్రేమ తగ్గకూడదు. భర్త చర్చికి రాలేదని ఇంట్లో మాటలు తగ్గిపోతే, ఆ ప్రార్థనలో కోరుకున్నది అతని మేలా, తన గెలుపా అని ప్రశ్నించుకోవలసి ఉంటుంది.

1.8 సారాంశం

ఇతరుల రక్షణ కోసం ప్రార్థించడం క్రైస్తవ విశ్వాసంలో అంతర్భాగం. తనకు అత్యంత విలువైనదనిపించిన దానిని ప్రియమైనవారికి కోరుకోకుండా ఉండటం ప్రేమ అనిపించుకోదు. అయితే విజ్ఞాపనలోనే దాని హద్దు కూడా ఉంది. ఫలితాన్ని దేవునికి అప్పగించినవాడు దానిని భయంతోనో, ఆశచూపో, సిగ్గుపరచో తానే రాబట్టుకోవాలని చూడకూడదు. ఒంగోలు కొండమీది ప్రార్థన కంటే కరవులో క్లౌ పాటించిన నిగ్రహం ఈ విషయాన్ని ఎక్కువ స్పష్టంగా చూపుతుంది.

1.9 కీలక పదాలు

విజ్ఞాపన: ఒకరి పక్షాన మరొకరు దేవునికి చేసే మనవి.
కృప: అర్హతతో సంబంధం లేకుండా దేవుడు చూపే దయ.
దైవనిర్ణయం: రక్షణ పొందేవారిని దేవుడు ముందే ఎన్నుకున్నాడన్న సిద్ధాంతం.
ధాతుకరండం: బుద్ధుని అవశేషాలను భద్రపరచిన పెట్టె.

1.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇతరుల రక్షణ కోసం ప్రార్థించడంలోని వేదాంతపరమైన చిక్కును, దానికి వచ్చిన సమాధానాలను వివరించండి.
2. ఒంగోలు మిషన్ అనుభవం ప్రార్థనకు, మతస్వేచ్ఛకు ఉన్న సంబంధాన్ని ఎలా తెలుపుతుంది? విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గాంధీజీ అభ్యంతరాన్ని, అజరయ్య దృక్పథాన్ని పోల్చండి.
2. మార్కు 2వ అధ్యాయంలోని కథ విజ్ఞాపన పరిమితిని ఎలా చూపుతుంది?
3. మీ ఊరిలో వేర్వేరు మతాలవారు ఒకరి మేలు కోరి మరొకరు చేసే ప్రార్థనను, మొక్కును, దానాన్ని గమనించి వాటిలోని పోలికలు, తేడాలు రాయండి.