వీథియంత్రమునుండి యింటితెరకు: ఒక పోరాటపు ఆట ప్రయాణము

మన యిండ్లలోనికి వచ్చు వస్తువుల పుట్టుపూర్వోత్తరములను విచారించుట గృహిణులకు అలవాటే. బియ్యము ఏ మడిదో, నెయ్యి ఏ యింటిదో అడిగి తెలిసికొనియే గడప దాటనిత్తుము. కాని పిల్లలు గంటలకొలది కన్నార్పక చూచు ఆటల విషయమున మాత్రము ఆ విచారణ చేయుట లేదు. “ఏదో ఆడుకొనుచున్నారు లెమ్ము” అని యూరకుందుము. ఆ యాటలకును వంశము కలదు, పుట్టినయూరు కలదు, ఇల్లు మారినప్పుడు పొందిన లాభనష్టములును గలవు. అట్టివానిలో మిక్కిలి పేరుగన్న “డబుల్ డ్రాగన్” అను ఆట చరిత్రమును నేడు మీ ముందుంచుచున్నాను. ఇది యిద్దరన్నదమ్ముల కథ. వారిమధ్య నున్న యొక యాడుదాని కథయు నగును. కావుననే మన పత్రికలో దీనికి చోటు తగునని నా తలంపు.

ఆట పుట్టుక

జపాను దేశమున టెక్నోస్ జపాన్ అను సంస్థ యుండెడిది. అందు పనిచేసిన యోషిహిసా కిషిమోటో అను నాతడు తన విద్యార్థిదశలోని తగవులను తలచుకొని, 1986లో బడిపిల్లల పోట్లాటలను గూర్చిన యొక యాటను కూర్చెను. దానిని విదేశములకు పంపునప్పుడు “రెనిగేడ్” అని పేరు మార్చి, బడిదుస్తులు తీసివేసి, పాశ్చాత్య నగరపు సందులలోని రౌడీల వేషములు తొడిగిరి. వేషము మారినను దెబ్బలు మారలేదు. ఆ యనుభవముతోడనే మరుసటి యేడు, అనగా 1987లో, డబుల్ డ్రాగన్ వెలువడెను. టైటో అను సంస్థ దానిని పంపిణీ చేసెను.

ఇది మొదట ఇంటి ఆట కాదు, ఆర్కేడ్ ఆట. ఆర్కేడ్ యంత్రమనగా నిలువెత్తు బీరువావంటి పెట్టె. దాని ముఖమున తెర, దానిక్రింద పిడులు, బటన్లు, ఇంకను క్రింద బిళ్ల వేయు చీలిక యుండును. బిళ్ల వేసినవానికి ఆట నడచును. ఓడినచో మరల బిళ్ల వేయవలెను. ఈ పెట్టెకు రెండు పిడులు గలవు. ఇద్దరు పక్కపక్కన నిలిచి, ఒకడు బిల్లీ అను వానిని, మరియొకడు జిమ్మీ అను వానిని నడపుదురు. వీరిరువురు తోడబుట్టినవారు. మేరియన్ అను యువతిని దుండగులు కడుపులో గ్రుద్ది, భుజముపై వేసికొని కొనిపోవుటతో ఆట మొదలగును. అన్నదమ్ములు వీథివీథియు గాలించి, ఎదురైనవారిని పిడికిళ్లతో, కాళ్లతో, వారిచేతులనుండి లాగుకొన్న కర్రలతో, కొరడాలతో కొట్టుచు ముందుకు పోవుదురు.

ఇందులో నొక విశేషము గలదు. ఇద్దరును చివరివరకు ప్రాణములతో మిగిలి, ముఠానాయకుని గెలిచిరేని, ఆట అక్కడ ముగియదు. మేరియన్ ఎవరిదను తగవు పుట్టి, అంతవరకు ఒకరికొకరు అండగా నిలిచిన అన్నదమ్ములే కలియబడవలెను. ఇది చదువగనే మీలో ననేకులకు సుందోపసుందులు జ్ఞప్తికి వత్తురు. ఒకే కంచమున తిని, ఒకే మంచమున పరుండి, ఎవరిచేతను చావులేని యా సోదరులు తిలోత్తమకొరకు ఒకరినొకరు చంపుకొనిరి. ఆ కథను నారదుడు పాండవులకు చెప్పినది వినోదమునకు కాదు. ద్రౌపదివలన అయిదుగురకు వైరము పుట్టకుండ కట్టడి చేసికొనుడని హెచ్చరించుటకు. డబుల్ డ్రాగన్‌లో హెచ్చరిక చెప్పు నారదుడు లేడు; కొట్లాట మాత్రము కలదు.

గుండిగలోని వంట గిన్నెలోనికి

బజారున పేరువచ్చిన ఆటను ఇండ్లకు తెచ్చిన మంచి బేరమని వ్యాపారులు తలంచుట సహజము. కాని తెచ్చుట యెట్లు? పెండ్లిలో గుండిగతో వండిన పులిహోరను ఇంటిలో చిన్నగిన్నెలో వండునప్పుడు పాళ్లు తగ్గించిన చాలదు; మంటయు మారవలెను, పోపు మారవలెను, కలుపు చేయియు మారవలెను. ఇచ్చటను అట్లే. ఆర్కేడ్ పెట్టె ఒక్క యాటకొరకే కట్టినది. ఎంత ఖరీదైన చిప్పులైనను బిళ్లలు రాబట్టునుగాన పెట్టవచ్చును. అట్టి పెట్టెకు సైతము తెరపై జనము ఎక్కువైనప్పుడు అడుగులు మందగించెడివి. ఇక టెలివిజనుకు తగిలించు ఇంటియంత్రమో, వెల తక్కువగా నుండవలెను, నూరు రకముల ఆటలను ఒక్కటే ఆడింపవలెను.

మరియొక భేదము గలదు. బజారులో ఆట కఠినముగా నుండి త్వరగా ముగిసినయెడల యజమానికి లాభము. ఇంటిలో ఒకేసారి వెల యిచ్చి కొన్నవానికి, ఆట నిలిచి నెలల తరబడి యుపయోగపడవలెను. కావున ఇంటికి తెచ్చువాడు ఉన్నదానిని కుదించుటయే కాక, లేనిదానిని చేర్చవలసియు వచ్చెను.

నింటెండో వారి ఇంటియంత్రము జపానులో ఫామికామ్ అనియు, అమెరికాలో ఎన్.ఇ.ఎస్. అనియు ప్రసిద్ధము. దానికొరకు టెక్నోస్ వారే 1988లో డబుల్ డ్రాగన్‌ను తిరిగి కూర్చిరి. ఆ యంత్రము తెరమీది కదలు బొమ్మలను చిన్నచిన్న తునకలుగా గీయును. ఒక అడ్డగీతమీద ఎనిమిది తునకలకు మించి చూపజాలదు. మించినచో బొమ్మలు మినుకుమినుకుమనును. ఒక్కొక్క మనిషికి వెడల్పున రెండు తునకలు కావలెనన్నను, నలుగురు వరుసగా నిలిచిన నిండిపోవును. కావున శత్రువులు ఒకసారికి ఇద్దరే వచ్చుట నియమమయ్యెను. ఆర్కేడ్‌లో మూడు బటన్లుండ, ఇచ్చట రెండే. దూకుటకు రెండింటిని ఒక్కసారి నొక్కవలెను.

చేర్చినది కూడ గలదు. ఆర్కేడ్‌లో బిల్లీకి అన్ని పట్లును మొదటనే తెలియును. ఫామికామ్‌లో నవశిష్యుని వలె కొద్దిపాటి విద్యతో మొదలుపెట్టి, కొట్టినకొలది అనుభవము కూడగట్టుకొని, హృదయచిహ్నములు సంపాదించుచు ఒక్కొక్క క్రొత్తపట్టు నేర్చును. ఆట నిలుచుటకు ఇది మంచి యుపాయము. సాధనచే విద్య వచ్చునను ధర్మమును పిల్లవాని చేతికి తెలియజేసినది. సంస్కృత భారతమును తెనిగించిన కవిత్రయము మాటకు మాట పెట్టలేదు గదా! కుదించినచోట కుదించి, పెంచినచోట పెంచి, తెలుగువారికి తెలుగుకావ్యమే యిచ్చిరి. ఆ పద్ధతి నీ చిన్న పనియందును కొంత చూడవచ్చును.

కాని యిందు పోయినది చిన్నది కాదు. ఇద్దరును కలసి ఆడుటయే పోయెను! ఫామికామ్ డబుల్ డ్రాగన్‌లో ఒకడాడినంతసేపు రెండవవాడు కూర్చుండి చూడవలెను. ఇద్దరును ఒక్కసారి తెరపైకి రావలెనన్న వేరుగా పెట్టిన పందెములో ఒకరినొకరు కొట్టుకొనవలసినదే. అంతకన్న వింత, తోడుగా నడువవలసిన జిమ్మీని కథాంతమున శత్రువులకు నాయకునిగా చేసిరి. పేరులో “డబుల్” అను మాట నిలిచెను. జంట మాత్రము విడిపోయెను.

ఇది యంత్రదోషమా?

“పాపము, యంత్రమునకు శక్తి చాలక గదా” అని కొందరనవచ్చును. ఇచ్చట కొంచెము నిదానించి చూడవలెను. అదే 1988లో సెగా వారి మాస్టర్ సిస్టమ్ అను ఇంటియంత్రమునకును ఈ యాట వచ్చెను. ఆ యంత్రమునకు సైతము అడ్డగీతమీద ఎనిమిది తునకల మితియే యున్నది. అయినను అందు అన్నదమ్ములిద్దరును కలసియే నడచిరి. బొమ్మలు మినుకుమన్నవి, నిజమే. కాని జంట నిలిచినది. ఇంక ఫామికామ్ యంత్రముమీదనే 1989లో వచ్చిన రెండవభాగమున టెక్నోస్ వారు ఇద్దరి ఆటను తెచ్చి చూపిరి. ఇరుకిల్లు అని సాకు చెప్పువారికిని, ఆ యిరుకిల్లులోనే పదిమందికి అన్నము పెట్టు ఇల్లాలికిని ఉన్న భేదము ఇదియే. ఏది విడువవలెనో, ఏది విడువరాదో నిశ్చయించునది యంత్రము కాదు, మనుష్యుడు.

ఆ రెండవభాగమున నొక సంగతి తల్లులకు మిక్కిలి నచ్చును. ఇద్దరాడునప్పుడు రెండు మార్గములు పెట్టిరి: ఒకదానిలో ఒకరి దెబ్బ మరియొకరికి తగులదు, రెండవదానిలో తగులును. ఏ మార్గమున నడవవలెనో ఆటకు ముందే యెన్నుకొనవచ్చును. ఇంటిలో అన్నదమ్ములకు, అక్కతమ్ములకు ఇట్టి కట్టడి ఎంత మేలు!

మరికొన్ని యిండ్లు

ఇట్లు ఆ యాట ఇల్లిల్లు తిరిగెను. 1988లో ఐరోపాలోని స్పెక్ట్రమ్, కమొడోర్ 64 వంటి చిన్న కంప్యూటర్లకు వచ్చెను. 1989లో అటారీ 2600 అను యంత్రమునకు సైతము తెచ్చిరి. ఆ యంత్రము 1977 నాటిది. పనిచేయునప్పుడు గుర్తుంచుకొనుటకు దానికున్న చోటు 128 బైట్లు మాత్రమే, అనగా 128 ఆంగ్లాక్షరములు పట్టునంత. పిడికి ఒక్కటే బటను. గోష్పాదమున సముద్రమును నింప యత్నించినట్లే! 1990లో చేతిలో పట్టు గేమ్ బాయ్‌కు, 1992లో సెగా వారి జెనెసిస్‌కు, 1993లో అటారీ లింక్స్‌కు వచ్చినది. టెక్నోస్ సంస్థ 1996లో మూతపడినను ఆట చావలేదు. 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు దిద్దితీర్చిన రూపమొకటి వెలువడెను. 2015లో దీని హక్కులను ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వారు కొనిరి.

మన తెలుగునాట

మన యిండ్లకు ఈ యాటలు 1990వ దశకమున, నింటెండో వారి అనుమతి లేకయే ఫామికామ్‌ను అనుకరించి చేసిన చవుక యంత్రములతో వచ్చినవి. పలు ఆటలు గుదిగ్రుచ్చిన రంగు క్యాసెట్లను దుకాణములలో కొని, సెలవుదినములలో టెలివిజనుకు తీగలు తగిలించి యాడిన పిల్లలు నేడు తల్లిదండ్రులైరి.

కాని మన పట్టణములలోని వీడియోగేమ్ కొట్లలో మగపిల్లల మనసు దోచిన ఆట వేరొకటి. దానిని వారు “ముస్తఫా” అని పిలిచెడివారు. దాని యసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపానులోని కాప్‌కామ్ సంస్థ 1993లో వెలువరించినది. ఆడుటకున్న నలుగురిలో ముస్తఫా అనువాడొకడు. హానా అను వీరవనితయు నొకతె. ఆటపేరు నోరు తిరుగక, తమకు తెలిసినపేరు గల వీరుని పేరే ఆటకు పెట్టుకొనిరి. పేరు పెట్టుకొన్నవారికే గదా వస్తువు సొంతమగునది!

చిత్రమేమనగా, ఆ ఆర్కేడ్ ఆట ఏ ఇంటియంత్రమునకును మార్పుచెంది రాలేదు. డబుల్ డ్రాగన్ డజనుకు పైగా వేషములు వేయగా, ముస్తఫా ఒక్క వేషమును వేయలేదు. అయినను ఇండ్లకు చేరినది. ఎట్లనగా, 1997లో మేమ్ అను ప్రోగ్రాము పుట్టెను. పాత ఆర్కేడ్ పెట్టెలోని చిప్పుల నడకను కంప్యూటరు అనుకరించునట్లు చేయుట దీని పని. ఇది యనువాదము కాదు. తాళపత్రమును అక్షరము తప్పక ఎత్తివ్రాసికొనుట వంటిది. మా పాన్‌గల్ కోటగుట్ట క్రింది పిల్లలైనను, పట్టణపు పిల్లలైనను, నేడు ఫోనులోనే అట్టి పాతయాటలను చూడగలరు.

మేరియన్ మాట

చివరకు మేరియన్ సంగతి చెప్పక విడువరాదు. తొలి ఆటలో ఆమె పాత్ర యిది: దెబ్బ తినుట, ఎత్తుకొనిపోబడుట, గెలిచినవానికి బహుమానమగుట. 1988 నాటి రెండవభాగపు ఆర్కేడ్‌లో ఆమెను తుపాకితో కాల్చి చంపనే చంపిరి. ఫామికామ్ రూపమున మాత్రము, మిక్కిలి కఠినమైన మార్గమున గెలిచినవారికి ఆమె మరల బ్రతుకును.

2023లో వెలువడిన డబుల్ డ్రాగన్ గైడెన్ అను ఆటలో మేరియన్ మొదటినుండియు ఆడదగిన వీరులలో నొకతె; తుపాకి చేతబట్టి తానే దుండగుల నెదిరించును. నరకునిపై విల్లెక్కుపెట్టిన సత్యభామను వినుచు పెరిగిన మన యాడుబిడ్డలకు ఇది వింత గాదు. వీథిలో పుట్టిన ఆట, ఇల్లిల్లు తిరిగి, ఆమెకును ఒక పిడి యిచ్చినది.

కావున, తల్లులారా! పిల్లలు క్రొత్త ఆట కావలెనని అడిగినప్పుడు, మంచిదా చెడ్డదా అని దూరమునుండి తీర్పు చెప్పక, పక్కన కూర్చుండి చూడుడు. ఇందులో ఇద్దరు కలసి ఆడవచ్చునా? కలసి ఆడునప్పుడు ఒకరి దెబ్బ మరియొకరికి తగులునా? ఆడుది ఆడుచున్నదా, బహుమానముగా నున్నదా? ఈ మాటలు పిల్లలనే అడుగుడు. వారికి తెలిసిన విద్య గావున ఉత్సాహముతో చెప్పుదురు. చెప్పుచు తామును ఆలోచింతురు. ఇంటిలో రెండవ పిడి యున్నయెడల దానిని చెల్లెలి చేతికిచ్చుట మరువకుడు.